తొట్టిని తినేది వాన కాదు

కమలాపురం గాలికి పికప్పు తొట్టి ఇనుమును తొందరగా తినేంత బలం లేదు. కడప జిల్లాలో ఏడాదంతా కలిపి పడే వాన 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. గట్టిగా కురిసేది ఎక్కువగా అక్టోబరు, నవంబరు తుపాన్లలో. 2021 నవంబరు వరద కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెననే కూల్చింది కానీ అలాంటి రోజులు ఏడాదిలో కొన్నే. సముద్రం నూరు కిలోమీటర్లకు పైగా దూరం, ఉప్పు గాలి ఇంత లోపలికి రాదు.

ఏ గాలిలో ఇనుము ఎంత వేగంగా తరుగుతుందో లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. దాని పేరు ఐఎస్‌ఓ 9223. సముద్రానికీ ఫ్యాక్టరీ పొగకూ దూరంగా ఉండే పల్లెలు మామూలుగా అందులో సీ2 తరగతిలోకి వస్తాయి. ఆ తరగతి గాలిలో పూత లేని ఉక్కు మొదటి ఏడాది 1.3 నుంచి 25 మైక్రాన్లు తరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎర్రగుంట్ల చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలనూ, ముద్దనూరు దారిలోని థర్మల్ విద్యుత్ కేంద్రాన్నీ దృష్టిలో పెట్టుకుని ఒక మెట్టు పెంచి సీ3 అనుకుందాం. అప్పుడైనా ఏడాదికి 50 మైక్రాన్లు మించదు. మిల్లీమీటరు మందం రేకు రంగేమీ లేకుండా ఆరుబయట పడి ఉన్నా ఇరవై ఏళ్లు నిలవాలి. పైగా ఏళ్లు గడిచేకొద్దీ తరుగుదల వేగం తగ్గుతుంది కూడా.

నిజంలో అలా జరగడం లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల రోడ్ల మీద తిరిగే బొలెరో పికప్పులు, దోస్తులు, టాటా ఏస్‌లు అంతకు ఎంతో ముందే తొట్టి అడుగున బొక్కలు పడి వెల్డింగ్ షాపుల ముందు వరసకట్టి ఉంటాయి. అదే బండి క్యాబిన్ టాపు చూడండి. అదే ఎండ, అదే వాన, అదే గాలి. టాపు మీద రంగు వెలిసి ఉంటుందేమో గానీ రేకు గట్టిగా ఉంటుంది. పైనుంచి పడే నీళ్లే కారణమైతే ముందు పోవాల్సింది టాపే. అంటే తొట్టిని తింటున్నది ఆకాశం కాదు, మనం ఎక్కించే సరుకు. సరుకు దించాక మిగిలే నలుసు. ఆ నలుసు కింద ఆరకుండా ఉండిపోయే చెమ్మ. తొట్టిని కాపాడుకోవాలనుకునేవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. లేకపోతే ఖర్చు పెట్టి మరీ తుప్పును పెంచుకునే ప్రమాదం ఉంది.

తుప్పు ఎలా పడుతుందో స్పష్టంగా చూపించిన ప్రయోగం కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1926లో చేశాడు. శుభ్రంగా సానబట్టిన ఉక్కు ముక్క మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేశాడు. ఇనుము కరిగితే నీలంగా, క్షారం పుడితే గులాబీగా మారే రసాయనాలను ముందే ఆ నీళ్లలో కలిపాడు. కాసేపటికి చుక్క నడుమ నీలం, అంచు చుట్టూ గులాబీ వచ్చాయి. రెంటికీ మధ్య గోధుమరంగు వలయంలా తుప్పు తేలింది. చుక్క అంచున నీళ్లు పలుచన, గాలిలోని ఆక్సిజన్ సులువుగా లోహం దాకా చేరుతుంది. నడుమ నీళ్లు లోతు, ఆక్సిజన్ సరిగా అందదు. ఆక్సిజన్ అందని నడిమి భాగంలో ఇనుము కరిగి ఎలక్ట్రాన్లను వదులుతుంది. అవి రేకులోంచే అంచుకు పాకుతాయి. అక్కడ ఆక్సిజన్, నీళ్లు వాటిని తీసుకుంటాయి. ఒక్క చుక్కలో చిన్న బ్యాటరీ తయారైందన్నమాట.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, తుప్పు కనిపించే చోటు వేరు, లోహం పోయే చోటు వేరు. లోహం పోయేది గాలి ఆడని చోట. తొట్టి మీద ఎర్రగా కనిపించే పెద్ద మరక చాలాసార్లు పైపైనే ఉంటుంది. అసలు గుంత పడేది తడిసిన గోనె ముక్క కింద, మూలన పేరుకున్న మట్టి కింద, రెండు రేకులు ఒకదానిపై ఒకటి ఎక్కిన అతుకు లోపల. స్పాట్ వెల్డింగ్ చుక్కల మధ్య వెంట్రుక పట్టేంత సందు ఉంటే చాలు, నీళ్లు వాటంతట అవే లోపలికి పాకిపోతాయి, తిరిగి రావు. బయట రేకు ఎండిన రెండు మూడు రోజులకు కూడా లోపల తడే. అందుకే తొట్టి ముందుగా పోయేది మైదానంలాంటి నడిమి భాగంలో కాదు. ముందు గోడ అడుగున, పక్క డోర్ల కింద, చక్రాల పైన ఉబ్బుగా ఉండే రేకు చుట్టూ పోతుంది.

ఇక సరుకుల సంగతి. కడప బండలతో మొదలుపెట్టాలి. ఈ నాపరాళ్లు భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అని పిలిచే పొరలోంచి వస్తాయి. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1872లోనే కడప, కర్నూలు శిలల మీద పెద్ద నివేదిక రాశాడు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న బండ దాదాపు 50 కిలోలు తూగుతుంది. దాన్ని మోకాలెత్తు నుంచి జారవిడిస్తే, కిలో బరువును ఎనిమిదంతస్తుల మేడ మీంచి వదిలినంత శక్తి పుడుతుంది. ఆ శక్తంతా బండ మూల మొన మీదే పడితే ఏ రంగూ నిలవదు. ఫ్యాక్టరీలో తొట్టిని విద్యుత్తు సాయంతో రంగు తొట్లో ముంచి వేసే మొదటి పూత 20 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. పైపూతలన్నీ కలిపినా మామూలుగా నూరు మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. మనిషి వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, మన రేకుకీ బండకీ మధ్య ఉన్నది వెంట్రుకన్నర.

బండ కొట్టిన దెబ్బ కంటికి కనిపిస్తుంది. ఇసుక చేసేది కనిపించదు. పెన్నా, పాపాఘ్ని ఇసుకలో ఎక్కువ భాగం స్ఫటికం. మోస్ కొలమానంలో సున్నపురాయిలోని కాల్సైట్ కాఠిన్యం 3, మామూలు ఉక్కుది 4 దాటి, స్ఫటికానిది 7. బండ రేకును సొట్టపెట్టగలదు గానీ గీయలేదు. ఇసుక రంగునూ, రేకునూ రెండిటినీ గీస్తుంది. ఇసుక దించాక తొట్టిలో మిగిలిన పలుచని పొర మీద బండలో, బస్తాలో ఎక్కించి రాతిరోడ్డు మీద నడిపితే బండి కుదిపినప్పుడల్లా అడుగున ఉప్పుకాగితం పట్టినట్టే. అందుకే ఇసుక తోలాక తొట్టిని చీపురుతో ఊడ్చి, గాలి కొట్టించి, ఆ తర్వాతే మరో లోడు ఎక్కించాలి. ఖర్చులేని ఈ ఒక్క అలవాటు ఎన్ని రంగులు వేయించినా రాని ఆయుష్షు ఇస్తుందని నా గట్టి నమ్మకం.

ఇలా గీతలు పడిన రేకు మీదికి ఎరువుల బస్తాలు వస్తాయి. ఎరువు ఉప్పులకు గాలిలోని తేమను లాక్కుని కరిగిపోయే గుణం ఉంది. ఏ ఉప్పు ఎంత తేమ దగ్గర కరగడం మొదలుపెడుతుందో కొలతలున్నాయి. 30 డిగ్రీల వేడిలో యూరియాకు గాలి తేమ 73 శాతం దగ్గర, మనం వంటకు వాడే ఉప్పుకు 75 దగ్గర, పొటాష్‌కు 84 దగ్గర. విడివిడిగా చూస్తే కడప పగటి గాలికి ఇవి అందని అంకెలే. కానీ యూరియా, పొటాష్ నలుసులు కలిసిపోతే ఆ హద్దు 60 శాతం దగ్గరికి పడిపోతుంది. చిరిగిన బస్తాల్లోంచి రాలేది చాలాసార్లు కలగలుపే. యూరియా ఒక్కటే అయితే ఇనుముకు పెద్ద హాని చెయ్యదు. అది తేమను పిలుస్తుంది, పొటాష్‌లోని క్లోరైడు ఆ తేమలో కరిగి రేకును పట్టుకుంటుంది. క్లోరైడు ఉన్న తడి కరెంటును బాగా మోస్తుంది. ఎవాన్స్ చుక్కలోని బ్యాటరీకి కావాల్సింది సరిగ్గా అదే.

మరి పొడి ఊళ్లో 60 శాతం తేమ ఎక్కడిది? రాత్రిది. చలికాలంలో ఆకాశం తేటగా ఉన్న రాత్రి ఆరుబయట నిలిపిన బండి రేకు తన వేడినంతా పైకి వదిలేసి చుట్టూ గాలికన్నా చల్లబడుతుంది. తెల్లవారుజామున గాలి తేమ ఎటూ పెరుగుతుంది, చల్లటి రేకును తాకిన గాలి తేమ ఇంకా పెరిగి మంచు చెమ్మగా మారుతుంది. ఉదయం ఎనిమిదింటికల్లా ఎండ దాన్ని ఆరబెట్టేస్తుంది, మనం చూడం. తొట్టి తరిగేది మనం నిద్రపోతున్న ఆ నాలుగైదు గంటల్లోనే. రాత్రిపూట బండిని రేకుల షెడ్డు కిందో, చెట్టు కిందో పెడితే చెమ్మ చాలావరకు పట్టదు. చెట్టయితే పొద్దున్నే ఆకులు ఊడ్చెయ్యాలి.

గొర్రెలు, పొట్టేళ్ల లోడును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. జీవాల మూత్రంలో యూరియా, క్లోరైడులు రెండూ ఉంటాయి. పేడ, గడ్డి వాటిని పట్టి ఉంచుతాయి. సంతలో జీవాలను దించి, వట్టి చీపురుతో ఊడ్చుకుని వచ్చేస్తే అతుకుల్లోకి దిగింది అక్కడే ఉండిపోతుంది. పులివెందుల అరటి గెలల కింద పరిచే ఆకులూ అంతే. ఆకు పచ్చిగా ఉన్నన్నాళ్లూ కింద తడి ఆరదు. చీనీ కాయలు నలిగి కారిన రసంలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. పలుచనిదే అయినా గీత పడిన చోట ఇనుమును కరిగించగలదు. ఈ మూడింటికీ మందు ఒకటే: అదే రోజు నీళ్లతో కడగడం. మా వైపు బోరు నీళ్లలో ఉప్పదనం ఉంటుంది కాబట్టి కడిగి వదిలేయకుండా, వెనక డోరు దించి, ముందుభాగం కాస్త ఎత్తులో ఉండేలా బండిని నిలిపి, మిగిలిన తడిని గుడ్డతో తుడవాలి. తొట్టి అడుగున నీళ్లు పోయే బెజ్జాలు మూసుకుపోయి ఉంటే ఈ శ్రమంతా వృథా. ముందు వాటిని పుల్లతో పొడిచి చూడాలి.

సిమెంటు కథ వేరు, ఆసక్తికరమైనది కూడా. కమలాపురం మండలం నల్లలింగాయపల్లెలోనూ, ఎర్రగుంట్ల, చిలంకూరుల్లోనూ పెద్ద ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి సిమెంటు ఎత్తని పికప్పు ఇక్కడ అరుదు. తడిసిన సిమెంటు గట్టి క్షారం, దాని పీహెచ్ 12 దాటుతుంది. అంతటి క్షారంలో ఇనుము మీద కంటికి కనిపించనంత పలుచని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. స్లాబులోని కడ్డీలు దశాబ్దాల పాటు నిలిచేది అందువల్లే. కాబట్టి తొట్టిలో ఒలికిన సిమెంటు మొదట్లో రేకుకు శత్రువు కాదు. కానీ గాలిలోని కార్బన్ డయాక్సైడు మెల్లగా ఆ క్షారాన్ని చంపేస్తుంది. పీహెచ్ 9 దగ్గరికి దిగాక కాపాడే పొర పోతుంది, మిగిలేది నీళ్లను పట్టి ఉంచే గట్టి పెళ్ల మాత్రమే. దాన్ని సుత్తీ ఉలీ పెట్టి కొట్టి లేపితే దాంతోపాటే రంగూ లేస్తుంది. సిమెంటు దుమ్మును పొడిగా ఉండగానే ఊడ్చెయ్యడం, తడిస్తే గట్టిపడక ముందే కడగడం, ఈ రెండూ చేస్తే ఉలితో పని పడదు.

సిమెంటు గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది. తుప్పు పట్టదు కదా అని కొందరు తొట్టిలో అల్యూమినియం షీటు పరుస్తారు. అమెరికాలో ఫోర్డు కంపెనీ 2015 మోడల్ ఎఫ్-150 పికప్పు తొట్టినే అల్యూమినియంతో చేసింది. అక్కడి కష్టం వేరు: మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది కిందినుంచి ఎగజిమ్మి బండిని తింటుంది. మన దగ్గర దాడి పైనుంచి, సరుకు నుంచి. తడి సిమెంటు అల్యూమినియాన్నీ, జింకునూ రెంటినీ కరిగించగలదు. పైగా ఉప్పుతడిలో ఇనుముకు ఆనుకుని ఉన్న అల్యూమినియం ఇంకా తొందరగా పోతుంది. రోజూ సిమెంటు ఎత్తే బండికి అది సరైన పరుపు కాదు.

అయితే ఏం పరవాలి? దెబ్బ తట్టుకోవడానికి దళసరి రబ్బరును మించింది లేదు. సిమెంటు ఫ్యాక్టరీల నుంచి పాతబడి బయటికొచ్చే కన్వేయర్ బెల్టు ముక్కలు ఈ పనికి బాగుంటాయి. కానీ రబ్బరు కింద చేరిన నీళ్లకు గాలి తగలదు. ఎవాన్స్ చుక్క నడిమి భాగం తొట్టంత వెడల్పున తయారవుతుంది. కాబట్టి పరిచిన రబ్బరును వారానికోసారైనా లేపి, కింద ఊడ్చి, ఎండనివ్వాలి. తొట్టి అడుగు రేకును మెట్టపల్లాలుగా వంచడం వెనక మంచి ఇంజనీరింగ్ ఉంది. లండన్ రేవులో పనిచేసిన హెన్రీ పామర్ అనే ఇంజనీరు 1829లో ముడతల రేకుకు పేటెంటు తీసుకున్నాడు. వంపుతో అదే రేకు ఎన్నోరెట్లు బిగువెక్కుతుంది. సరుకు మెట్టల మీద ఆనుతుంది, నీళ్లు పల్లాల వెంట వెనక్కి పోతాయి. పరుపు చివర్లు ఆ పల్లాలను మూసేయకుండా చూసుకుంటే చాలు. బండలు ఎత్తేవాళ్లు మెట్టలకు అడ్డంగా చెక్క బద్దెలు వేసి వాటిమీద పేరిస్తే బరువును నాలుగైదు మెట్టలు పంచుకుంటాయి, కింద నీళ్ల దారీ మూసుకోదు.

చాలామంది చేయించేది చెకర్ ప్లేటు. వెల్డింగ్ షాపులో ఇనుప చెకర్ ప్లేటును కొలతకు కోసి, తొట్టి అడుగు మీద పరిచి, అంచుల్లో అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు పెడతారు. చూడ్డానికి బలంగా ఉంటుంది, దెబ్బలకు నిజంగానే బలమైనది. కానీ వెల్డింగ్ వేడికి ఆ చోట పాత రంగు కింది వైపున కూడా మాడిపోతుంది. రేకుకు జింకు పూత ఉంటే అదీ నిలవదు. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది, వెల్డింగ్ వేడి అంతకు చాలా ఎక్కువ. పైగా రెండు రేకుల మధ్య తొట్టంత పొడవు సందు. ప్లేటు కావాలనుకుంటే ముందు అడుగు రేకుకు రెండు చేతులు ఎపాక్సీ ప్రైమర్ కొట్టించి, ప్లేటుకు రెండువైపులా రంగు వేయించి, వెల్డింగ్ బదులు రబ్బరు వాషర్లతో బోల్టులు బిగించుకోవాలి. ఏడాదికోసారి విప్పి చూసుకునే వీలుంటుంది.

తొట్టి ఆకారంలోనే పోతపోసి వచ్చే ప్లాస్టిక్ లైనర్లలో నాకు నచ్చనిది వాటి కదలిక. మే నెల ఎండకు ఎనిమిదడుగుల ఉక్కు రేకు 40 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరుకు కాస్త పైన సాగుతుంది. ప్లాస్టిక్ అయితే దానికి ఎన్నో రెట్లు. రోజూ సాగుతూ ముడుచుకుంటూ, మధ్యలో చిక్కిన ఇసుకతో రంగును అరగదీస్తుంది. స్ప్రే చేసే పాలీయూరియా పూత వీటన్నిటికన్నా మేలు. రేకుకే అతుక్కుంటుంది కాబట్టి కింద సందు ఉండదు, రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది నిలిచేది మాత్రం కింద చేసిన శుభ్రం మీదే. తుప్పు మీద, నూనె మీద కొట్టినది పొరలాగా లేస్తుంది. బండ మూల గుచ్చుకుని తెగిన చోటును అదే వారం పూడ్చాలి, లేకపోతే మందపు పూత కింద ఏం జరుగుతోందో రేకు పోయేదాకా తెలియదు.

ఇప్పటికే తుప్పు పట్టిన తొట్టికి మన షెడ్లలో మొదటి మందు రెడాక్సైడ్. అది కూడా ఐరన్ ఆక్సైడే. కాకపోతే ఇక మారే గుణం లేని నిలకడైన రకం. నీళ్లకు అడ్డుగోడగా నిలుస్తుంది, అంతకు మించి ఏమీ చెయ్యదు. గోడకు గీత పడితే అక్కడి నుంచి తుప్పు పక్కకు పాకుతుంది. జింకు అలా కాదు, ఇనుముకన్నా ముందు తానే కరిగి ఇనుమును నిలబెడుతుంది. హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త 1824లో బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగును జింకు, ఇనుప ముక్కలతో కాపాడి చూపింది ఈ సూత్రంతోనే. 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన ఇనుమును కరిగిన జింకులో ముంచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. జింకు పొడి ఎక్కువగా ఉండే ప్రైమర్ దొరికితే, రేకును మెరిసేదాకా రుద్దించి దాన్ని కొట్టించడం మంచిది. తుప్పు మీద వేస్తే జింకు ఇనుమును తాకదు, తాకకపోతే కాపాడలేదు.

గ్రైండర్ దూరని మూలలకు తుప్పును మార్చే ద్రావకాలున్నాయి. వాటిలో ఉండేవి ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం, టానిన్లు. కరక్కాయ కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపితే నల్లటి సిరా అయ్యేది ఎందుకో, శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము నానిన బెల్లంనీళ్లు నల్లగా తిరిగేది ఎందుకో, ఈ ద్రావకం పూసిన తుప్పు నల్లబడేదీ అందుకే. టానిన్ ఇనుముతో కలిసి నీటిలో కరగని నల్లటి పదార్థం అవుతుంది. ఫాస్ఫేటు విషయానికొస్తే ఢిల్లీ ఇనుప స్తంభమే సాక్ష్యం. ఆ ఇనుములో ఫాస్ఫరస్ ఎక్కువ. దానివల్ల ఏర్పడిన రక్షణ పొర పదహారు వందల ఏళ్లుగా స్తంభాన్ని నిలబెట్టిందని కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు వివరించాయి. ద్రావకం పని చెయ్యాలంటే ముందు పెళ్లలుగా లేచిన తుప్పును వైర్ బ్రష్‌తో రాల్చాలి, ఆ తర్వాత ప్రైమర్, రంగు తప్పనిసరి. కడగని ఎరువు ఉప్పు కింద ఉండిపోతే మాత్రం ఏ ద్రావకమూ ఏమీ చెయ్యలేదు.

పాత ఇంజనాయిలు పూసే అలవాటును ఇప్పటికైనా మానుకోవాలి. అది కొన్నాళ్లు నీళ్లను ఆపుతుంది, నిజమే. కానీ కాలిన ఆయిల్లో ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి, అది రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, తొట్టిలో నిలబడే హమాలీ కాలు జారుతుంది, వాన పడితే చేలోకీ బావిలోకీ కారుతుంది. కూరగాయలు, పండ్లు ఎత్తే బండికి అసలు పనికిరాదు. దాని బదులు అతుకుల లోపలికి పంపడానికి మైనం కలిసిన స్ప్రేలు దొరుకుతాయి, అవి పలుచగా పాకి లోపల గడ్డకట్టి ఉండిపోతాయి.

చివరిగా తొట్టి అడుగు భాగం. అడుగు రేకును మోసే అడ్డ దూలాల మీద చక్రాలు ఎగజిమ్మిన నల్లరేగడి చేరి గట్టిపడుతుంది. వానాకాలం పోయాక సర్వీసింగులో పైన మాత్రమే కాకుండా కింద కూడా నీళ్లు కొట్టించి, బండి ఆరాక స్క్రూడ్రైవరు పిడితో దూలాల వెంట తట్టుకుంటూ పోవాలి. గట్టి రేకు గణగణమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట మొనతో పొడిచి చూసి, దిగితే ఆ దూలాన్ని మార్పించిన తర్వాతే పైన పరుపు, రంగు సంగతి ఆలోచించాలి.